పాత సర్వే పరికరాల సేకరణ: కొనే ముందు కొలిచి చూడండి

మీరు మూడు విషయాలు అడిగారు. చోడవరం వైపు ఒక గ్రామంలో కరణీకం చేసిన మీ తాతగారి ఇంటి అటక మీద దొరికిన ఇనుప గొలుసునూ, దానితో ఉన్న, గొలుసు గీతకు లంబంగా గురి చూసే క్రాస్ స్టాఫ్‌నూ ఏం చేయాలన్నది మొదటిది. మూత మీద ‘స్టాన్లీ, లండన్, 1885’ అని చెక్కి ఉన్న ఇత్తడి దిక్సూచిని ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలకు కొన్నారు, అది అసలుదేనా అన్నది రెండవది. పాత సామాను కొట్టులో 18,000 రూపాయలు చెబుతున్న, నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్‌తో సేకరణ మొదలుపెట్టవచ్చునా అన్నది మూడవది. నేను విశాఖపట్నంలోనే ఒక పాలిటెక్నిక్ సర్వే ల్యాబులో 31 సంవత్సరాలు పనిచేశాను. అంతకాలమూ ఈ పరికరాలను పోగుచేస్తూ, విప్పి బిగిస్తూ వచ్చాను. ఆ అనుభవంతో కొంచెం వివరంగానే రాస్తున్నాను.

సర్వే పరికరం దేనికోసం పుట్టిందో ఆ పని దానిచేత చేయించి చూడకుండా ఎన్నడూ కొనవద్దు, అమ్మవద్దు, తుడవను కూడా తుడవవద్దు. మిగిలినదంతా ఈ మాట మీదే ఆధారపడి ఉంటుంది. ఇత్తడి రంగు, పెట్టె మీద పేరు, అమ్మేవాడు చెప్పే కథ మనల్ని మోసం చేయవచ్చు గానీ, పరికరంతో ఒక్క గంట కొలిస్తే అది అసలుదో నకిలీదో, ఎంత అరిగిందో, ఎవరైనా విప్పి తప్పుగా బిగించారో తెలిసిపోతుంది.

గొలుసుతో మొదలుపెడదాం. మీరు చెప్పిన పోలికలను బట్టి అది గంటర్ గొలుసు. ఎడ్మండ్ గంటర్ 1620లో రూపొందించిన ఈ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ఈ వింత అంకెల వెనుక చక్కని లెక్క ఉంది: పది చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం, వెయ్యి చదరపు లింకులు సరిగ్గా ఒక సెంటు. అంటే పొలంలో లింకుల్లో కొలిచి గుణిస్తే, మరే మార్పిడీ లేకుండా ఎకరాలూ సెంట్లూ వచ్చేస్తాయి. మన వైపు భూమిని ఈనాటికీ సెంట్లలో చెప్పుకోవడం ఆ గొలుసు మనకు విడిచిపెట్టిన అలవాటే. మీటర్లు వచ్చి ఇన్నేళ్లయినా, పొలాల కొలతల పుస్తకమైన పాత ఎఫ్‌ఎంబీ నకలు తీసి చూస్తే గట్ల పక్కన రాసిన అంకెలు లింకులే.

గొలుసును చాపి చూస్తే పది పది లింకులకు ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంది. పదికి ఒక పన్ను, ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, నడిమధ్య యాభైకి గుండ్రని బిళ్ళ. రెండు చివరల నుంచీ ఇదే వరుస కాబట్టి నలభై బిళ్ళా అరవై బిళ్ళా ఒకేలా ఉంటాయి. ఈ రెండింటినీ పొరబడడం వల్ల పుట్టిన గట్టు తగాదాలు ఎన్నో ఉన్నాయి. మీ గొలుసుకు బిళ్ళలన్నీ ఉన్నాయా, రెండు చివరల ఇత్తడి పిడులూ ఉన్నాయా, గొలుసుతోపాటు ఉండవలసిన పది యారోలలో (నేలలో గుచ్చే గుర్తు పుల్లల్లో) ఎన్ని మిగిలాయి అన్నది చూడండి. పిడి పోయి తాడు కట్టిన గొలుసులే ఎక్కువగా దొరుకుతాయి కాబట్టి, రెండు పిడులూ ఉంటే అది జాగ్రత్తగా దాచుకోవలసిన వస్తువు.

ఇప్పుడు కొలవండి. తెల్లవారుజామున ఎండ పొడవకముందు ఒక చదునైన సిమెంటు నేల మీద గొలుసును పరచి, ఇద్దరు రెండు పిడులూ పట్టుకుని మామూలుగా బిగించి, పక్కన మంచి ఉక్కు టేపు పెట్టండి. 66 అడుగులంటే 20.117 మీటర్లు. పొడవు సరిగ్గా రాదు, సాధారణంగా ఎక్కువే వస్తుంది. ప్రతి లింకు చివరా ఒక కన్ను, లింకుకూ లింకుకూ నడుమ చిన్న కడియాలు, ఇలా ఒక గొలుసులో రాపిడి పడే చోట్లు కొన్ని వందలు ఉంటాయి. ఒక్కో చోట గోటి మందంలో పదో వంతు అరిగినా మొత్తం మీద అంగుళాలు పెరుగుతుంది. నా దగ్గరున్న ఒక గొలుసు రెండున్నర అంగుళాలు సాగి ఉంది. సాగిన గొలుసు భూమిని తక్కువ చేసి చూపిస్తుంది. దానితో కొలిచి ఎకరం అని రాసిన చోట నిజానికి ఎకరంపైన సుమారు 30 చదరపు గజాలు ఉంటుంది. ఆ అంకె వేసుకున్న రోజున, ‘ఆ రోజుల్లో కొలత ధారాళంగా ఉండేది’ అని పెద్దవాళ్లు అనే మాటకు ఇనుప రుజువు నా చేతిలో ఉన్నట్టు అనిపించింది. కాబట్టి దయచేసి మీ గొలుసును ఎవరిచేతా సరిచేయించవద్దు. వంగిన లింకులను తిన్నగా కొట్టించవద్దు. ఆ సాగుదలలోనే అది చేసిన పని దాగి ఉంది.

దాని కాలం గురించి ఒక మాట. ఉత్తరాంధ్రలో చాలా గ్రామాలు విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీల కింద ఉండేవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే వాటిలో రైత్వారీ పద్ధతి సర్వే, సెటిల్‌మెంటు విస్తృతంగా జరిగాయి. అందువల్ల మన జిల్లాల్లో దొరికే గొలుసుల్లో చాలావాటిని వందేళ్ల నాటివని చెప్పి అమ్మినా, అవి 1950ల నాటివి కావడానికే అవకాశం ఎక్కువ. అందువల్ల వాటి విలువ తగ్గిందని నేను అనుకోను. ఏ గ్రామంలో ఏ కరణం గారి చేతిలో తిరిగిందో తెలిసిన 1950ల గొలుసు, ఊరూ పేరూ లేని పందొమ్మిదో శతాబ్దపు గొలుసు కంటే నాకు ఎక్కువ విలువైనది. అయితే 1984లో కరణీకాలు రద్దయినప్పుడు గ్రామ రికార్డులను అప్పగించవలసి వచ్చింది. అటక మీద గొలుసుతోపాటు ఎఫ్‌ఎంబీ కాగితాలు, గ్రామ పటం, అడంగళ్లు ఏవైనా ఉంటే అవి మీ సేకరణలోకి రావు. ఫొటో తీసుకుని తహసీల్దారు కార్యాలయంలో రసీదు తీసుకుని అప్పగించండి. ఎవరో ఒక రైతు హక్కు ఆ కాగితం మీద ఆధారపడి ఉండవచ్చు.

దిక్సూచి విషయంలో మీకు నచ్చని మాట చెప్పవలసి వస్తోంది. ఫొటోలో మూత లోపల చెక్కి ఉన్న ఇంగ్లీషు పద్యాన్ని చూశాను. అది 1915లో తొలిసారి అచ్చయిన అమెరికన్ పద్యం. మూత మీద 1885 అని వేసిన వస్తువు లోపల ముప్పై ఏళ్ల తరువాతి పద్యం ఉండడం జరగని పని. రూర్కీ వంటి చోట్ల అలంకరణ కోసం ఇలాంటి ఇత్తడి వస్తువులు ఇప్పటికీ తయారవుతున్నాయి. తయారుచేసేవారు వాటిని అలంకరణ వస్తువులుగానే అమ్ముతారు, చేతులు మారే కొద్దీ అవి ‘పురాతనం’ అవుతాయి. విలియం ఫోర్డ్ స్టాన్లీ లండన్‌లో నిజంగా గొప్ప పరికరాల తయారీదారే కాబట్టే ఆ పేరును ఇంతగా వాడుకుంటున్నారు.

పద్యం లేకపోయినా కొలతతో పట్టుకోవచ్చు. నిజమైన ప్రిజ్మాటిక్ కంపాస్‌ను 1812లో ష్మాల్కాల్డర్ పేటెంటు చేశారు. దానిలో సూదికి అంటుకుని తిరిగే వలయం మీద సున్నా దక్షిణం వైపున, 180 ఉత్తరం వైపున ఉంటాయి. అంకెలు తిరగబడి ఉంటాయి. ఎందుకంటే కన్ను చూసేది వలయాన్ని నేరుగా కాదు, ఇవతలి అంచున ఉన్న పట్టకం గుండా. పట్టకంలో నుంచి చూసినప్పుడే అంకెలు నిలబడతాయి, ఎదుటి వెంట్రుక గీత మీద గురి పెట్టిన దిక్కు నేరుగా చదవబడుతుంది. అలంకరణ దిక్సూచిలో అంకెలు మామూలుగా ఉత్తరం సున్నాగా ఉంటాయి, పట్టకం స్థానంలో గాజు ముక్క ఉంటుంది, దానిలో నుంచి ఏమీ చదవలేరు. సర్వేయర్ కంపాస్‌లో మరో విచిత్రం ఉంది: తూర్పు, పడమర అక్షరాలు తారుమారై ఉంటాయి. ఆ పరికరంలో సూది కదలకుండా నిలిచి పెట్టె తిరుగుతుంది కాబట్టి అలాగే ఉండాలి. దానిని ‘అచ్చు తప్పు’ అనుకుని నాకు 700 రూపాయలకే ఇచ్చేసిన ఒక పెద్దమనిషికి, ఆ తరువాత విషయం చెప్పి మిగతా డబ్బు ఇచ్చి వచ్చాను.

దిక్సూచుల గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. ప్రపంచ యుద్ధాల కాలపు సైనిక దిక్సూచుల్లో చీకట్లో వెలిగే రంగు రేడియంతో చేసినదై ఉంటుంది. ఇప్పుడు వెలగడం లేదు కాబట్టి ప్రమాదం పోయిందనుకోవద్దు. ఆరిపోయింది వెలిగే రసాయనమే. రేడియం సగానికి తగ్గడానికే సుమారు 1,600 సంవత్సరాలు పడుతుంది. అటువంటి దానిని తెరవవద్దు, రంగును గీకవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు.

ఇక డంపీ లెవెల్. విలియం గ్రావాట్ 1832లో తెచ్చిన ఈ పరికరంలో దూరదర్శిని పొట్టిగా, స్టాండు మీది భాగంతో కదలకుండా కలిసిపోయి ఉంటుంది. కొట్టు దగ్గర దానిలో నుంచి చూసి ‘బొమ్మ తలకిందులుగా ఉంది, పాడైపోయింది’ అని బేరం ఆడవద్దు. పాత లెవెళ్లలో బొమ్మ తలకిందులుగానే కనిపిస్తుంది. దూరంగా పట్టుకునే స్టాఫుల (కొలత కర్రల) మీద అంకెలను తిరగేసి రాసినది కూడా అందుకే. మీరు చూడవలసినవి వేరే ఉన్నాయి. రసమట్టం గాజు పగలకుండా, బుడగ చురుకుగా కదులుతోందా? అడుగు మరలన్నీ చేతి వేళ్లతో సాఫీగా తిరుగుతున్నాయా, ఎక్కడైనా పటకారు పట్టిన గాట్లు ఉన్నాయా? కటకం లోపల సాలెగూడు లాంటి బూజు గీతలు ఉన్నాయా? పెట్టె మీది నంబరూ పరికరం మీది నంబరూ ఒకటేనా? చివరగా, దూరదర్శినిలో అడ్డుగీతలు నిజంగా ఉన్నాయా? పాత పరికరాల్లో ఆ గీతలు నిజమైన సాలీడు దారాలు. బ్రష్షు పెట్టి దుమ్ము దులిపితే ఒక్క క్షణంలో పోతాయి. వాటిని మళ్లీ అతికించగల చేతులు ఇప్పుడు చాలా అరుదు.

ఇవన్నీ సరిగా ఉంటే కొట్టువారిని అడిగి ఒక మైదానానికి తీసుకువెళ్లండి. 60 మీటర్ల దూరంలో రెండు మేకులు దిగ్గొట్టి, సరిగ్గా మధ్యన లెవెల్ పెట్టి రెండు మేకుల మీదా స్టాఫ్ చదవండి. ఉదాహరణకు 1.325, 1.780 మీటర్లు వచ్చాయనుకుందాం. తేడా 0.455. పరికరంలో లోపం ఉన్నా మధ్యలో ఉన్నప్పుడు అది రెండు వైపులా సమానంగా పడి రద్దయిపోతుంది కాబట్టి ఈ తేడా నిజమైనది. ఇప్పుడు లెవెల్‌ను ఒక మేకు దగ్గరకు జరిపి మళ్లీ చదవండి. ఈసారి తేడా 0.460 వస్తే, 60 మీటర్లకు 5 మిల్లీమీటర్ల లోపం ఉన్నట్టు. పరికరం ప్రాణంతో ఉంది, చిన్న సర్దుబాటు చాలు. లోపం చేతి వెడల్పంత ఉండి, సర్దుబాటు మర పిప్పి అయిపోయి ఉంటే అది బొమ్మలా పెట్టుకోవడానికే పనికివస్తుంది. నా అంచనాలో పెట్టె, స్టాండు, సరిపోయిన నంబరు మూడూ ఉంటే 18,000 న్యాయమైన ధరే. ఒక్కటి తగ్గినా నేను పదివేలు దాటను.

తయారీదారు పేరు కాలాన్ని కూడా చెబుతుంది. ‘ట్రౌటన్ అండ్ సిమ్స్’ అని ఉంటే 1826కూ 1922కూ నడుమది. ‘కుక్, ట్రౌటన్ అండ్ సిమ్స్’ అని ఉంటే 1922 తరువాతది. మన దేశంలో తయారైనవాటిలో కలకత్తా మాథమాటికల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆఫీసు ముద్ర కోసం వెతకండి. ఆ సంస్థే 1957లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ లిమిటెడ్‌గా మారింది. మొదటి రోజుల్లో అక్కడ పరికరాల పనిని చూసిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్ ఆర్కాటు మనిషి. ఇంగ్లండు నుంచి వచ్చిన, కోణాలు కొలిచే పెద్ద థియోడలైట్లను విప్పి కొత్తవాటిలా చేసిన ఆయన 1843లో సర్వే శాఖకు పరికరాల తయారీదారుగా నియమితులయ్యారు. లండన్ పేర్ల వెంట పరుగెత్తే సేకర్తలు ఆయన వారసత్వాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. కలకత్తా ముద్ర ఉన్న పరికరం ఇంకా తక్కువ ధరకే దొరుకుతోంది, వీలైతే దానినే ఎంచుకోండి.

మీరు శుభ్రం చేయడం గురించి కూడా అడిగారు కాబట్టి, నేను చేసిన తప్పును చెబుతాను. 1993లో కంచరపాలెంలో ఒక పాత సామాను కొట్టు నుంచి ఆరంగుళాల ట్రాన్సిట్ థియోడలైట్‌ను తెచ్చాను. దానిలో కోణాలు చదివే వలయం ఇత్తడి మీద వెండి పొదిగినది. వెండి నల్లబడి ఉంది. ఆ రాత్రి ఇత్తడి పాలిష్‌తో, మెత్తని గుడ్డతో ఓపికగా రుద్దాను. వెండి తళతళలాడింది. పొద్దున్న భూతద్దం పెట్టి చూస్తే, ఇరవై సెకన్ల (ఒక సెకను డిగ్రీలో 3,600వ వంతు) వరకు కోణాన్ని పట్టి ఇచ్చే వెర్నియర్ గీతల్లో సగం కనిపించలేదు. వెంట్రుక కంటే సన్నగా గీసిన ఆ గీతల్లో నింపిన నలుపు పాలిష్‌తో కొట్టుకుపోయింది, గీతల అంచులు అరిగిపోయాయి. ఆ పరికరం ఇప్పటికీ నా బీరువాలో ఉంది, దానితో ఏ కోణమూ చదవలేను. అందుకే చింతపండు, విబూది, పాలిష్ ఏదీ దగ్గరకు రానివ్వవద్దు. పైన ఉన్న నల్లరంగు, పాత లక్క పూత తయారీదారు వేసినవే. పొడి మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, కదిలే చోట గడియారపు నూనె ఒక చుక్క వేస్తే చాలు. పచ్చని చిలుము పట్టిన చోట పుల్ల మొనతో నెమ్మదిగా తీయండి.

పాత మరమ్మతులను దాచనవసరం లేదు. 1808లో తంజావూరు గుడి మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకున్న, దేశాన్ని త్రిభుజాలుగా కొలిచే సర్వే మొదలుపెట్టిన విలియం లాంబ్టన్ పెద్ద థియోడలైట్‌ను, ఆయనే వారాల తరబడి కూర్చుని వలయాన్ని మళ్లీ గుండ్రం చేసి, సంవత్సరాల పాటు దేశాన్ని కొలిచారు. సుమారు అర టన్ను బరువున్న ఆ పరికరాన్ని ఇప్పుడు చూసేవారు వెతికేది ఆ గాయపు కథనే.

విశాఖపట్నంలో ఉంటూ ఈ పని మొదలుపెట్టే మీకు తెలియవలసిన విషయాలు ఇంకా ఉన్నాయి. లాంబ్టన్ మొదలుపెట్టిన ఆ మహా త్రికోణమితి సర్వేలో, కోల్బీ అనే ఇంజనీరు రూపొందించిన కడ్డీలతో కొలిచిన పది ఆధార రేఖల్లో (త్రిభుజాల లెక్కకు మొదట నేల మీద కొలిచే గీతల్లో) ఒకటి విశాఖపట్నానిది, 1862-63లో కొలిచారు. ఆ కడ్డీల్లో ఇనుమూ ఇత్తడీ పక్కపక్కన పది అడుగుల పొడవున బిగించి ఉండేవి. ఎండకు రెండూ వేర్వేరుగా సాగినా, వాటి చివరల తిరిగే నాలుకల మీద చెక్కిన చుక్కల నడుమ దూరం మారకుండా ఆ తేడానే వాడుకున్నారు. ఎండలో గొలుసు ఎంత సాగుతుందో మీ టేపుతో చూసిన తరువాత ఈ ఉపాయం ఎంత గొప్పదో అర్థమవుతుంది. 1909లో దేశమంతటికీ సముద్ర మట్టాన్ని స్థిరపరచడానికి ఆధారమైన తొమ్మిది రేవు కేంద్రాల్లో కూడా మన రేవు ఒకటి. ఇంతటి కొలతలు జరిగిన ఊరిలో, పరికరాలు దుకాణాల్లో కంటే ఇళ్లలోనే ఎక్కువగా ఉన్నాయి. పోర్టు, రైల్వే, షిప్‌యార్డులలో పనిచేసి రిటైరైనవారి ఇళ్లలో మర్యాదగా విచారించండి. కొత్తవలస - కిరండూల్ లైను రోజుల్లో పనిచేసిన ఒక ఇంజనీరు గారి ఇంట్లో నాకు సిలోన్ ఘాట్ ట్రేసర్ దొరికింది. కొండ దారికి వాలు గీయడానికి పుట్టిన ఆ చిన్న గొట్టం, జరిపే బరువుతో, ఇప్పటికీ సరిగ్గా పనిచేస్తోంది. కాలేజీల్లో కండెమ్ చేసిన సామాను వేలాలను కూడా కనిపెట్టి ఉండండి, కొన్నదానికి రసీదు తప్పక తీసుకోండి. కొన్న రసీదు లేకుండా ప్రభుత్వ శాఖ ముద్ర ఉన్న పరికరం వస్తే నేను తాకను. ఇక పొలాల్లోని సర్వే రాళ్లూ, ఎత్తును గుర్తించే బెంచిమార్కు రాళ్లూ అమ్మకానికి వచ్చినా కొనవద్దు. వాటిని కదిలించడం సర్వే, హద్దుల చట్టం కింద నేరం, పైగా ఒక రాయి పోతే ఆ ఊరి లెక్క మొత్తం పోతుంది.

వందేళ్లు దాటిన శాస్త్ర పరికరాలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి కాబట్టి, వాటిని విదేశాలకు పంపే ఆలోచన పెట్టుకోవద్దు. ఏనుగు దంతం స్కేళ్లను కొనడం, అమ్మడం రెండూ వన్యప్రాణి చట్టం ప్రకారం నిషిద్ధం.

నిల్వ విషయంలో మన ఊరి ఉప్పుగాలిని తక్కువగా అంచనా వేయవద్దు. తోలు సంచిలో ఇత్తడి పరికరాన్ని ఉంచితే తోలులోని పుల్లదనం వల్లనే చిలుము పుడుతుంది, కాబట్టి సంచిని పక్కన విడిగా పెట్టండి. కటకాలున్నవాటిని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాల్లో సిలికా జెల్‌తో ఉంచి, రంగు మారినప్పుడల్లా దానిని వేడిచేసి మళ్లీ వాడండి. 2014 హుద్‌హుద్ తుపానులో నా బీరువా ఉన్న బయటి గోడ నీరు పీల్చింది. సరేసుతో అతికించిన మూడు చెక్క పెట్టెలు పలకలు పలకలుగా విడిపోయాయి. అప్పటి నుంచీ నా పరికరాలన్నీ ఇంటి లోపలి గోడకు, నేల నుంచి రెండడుగుల ఎత్తులో ఉంటున్నాయి.

ఈ ఆదివారం మీ తాతగారి గొలుసును కొలిచాక, దాని పిడికి ఒక చీటీ కట్టండి. మీ తాతగారి పేరు, గ్రామం, ఆయన కరణీకం చేసిన సంవత్సరాలు, ఏ చెరువు కిందో ఏ మెట్ట మీదో ఆ గొలుసు తిరిగిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పగలిగినది, బిళ్ళలూ యారోలూ ఎన్ని ఉన్నాయో, ఉక్కు టేపు మీద వచ్చిన పొడవు, కొలిచిన తేదీ, ఆ వేళకు ఎండ ఎంత ఉందో, ఎవరెవరు పిడులు పట్టుకున్నారో పెన్సిలుతో రాయండి. సిరా మన ఊరి తేమకు పాకిపోతుంది.